పదివేల అడుగుల ఎత్తులో ఏ స్మోకర్ (పొగ మీద మాంసం వండే పొయ్యి) కొనాలి?

ఈమధ్యే కొలరాడోలోని లెడ్‌విల్‌కి మారాం. ఊరు 10 వేల అడుగుల పైన ఉంది, నీళ్లు 90 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతాయి. పప్పు సంగతి కుక్కర్ చూసుకుంటుంది, నా టెన్షనంతా బ్రిస్కెట్ (గొడ్డు ఛాతీ మాంసం) గురించే. కింద ఊళ్లలో లోపలి వేడి 95కి వచ్చాక దించుతారు కదా, ఇక్కడ అప్పటిదాకా ఉంచితే మాంసం పీచుపీచుగా ఎండిపోదూ? మీరు ఎంత దగ్గర దించుతున్నారు?

పక్కింటాయన గ్యాస్ స్మోకర్‌లో మంట పసుప్పచ్చగా లేస్తోంది, బర్నర్ చుట్టూ మసి. గాలి పలచన మరి! కాబట్టి గ్యాస్ వద్దనుకున్నాను. పెల్లెట్‌ది (చెక్కపొట్టు గుళికలు కాల్చేది) అయితే గాలి ఊదే ఫ్యాన్ ఉంటుంది, కానీ ఇక్కడి మంచులో పెల్లెట్లు ఎంత మింగుతుందో. కమాడో (గుడ్డు ఆకారంలో ఉండే సిరామిక్ బొగ్గు పొయ్యి) వేడి బాగా నిలుపుతుందట, బరువే భయం. బడ్జెట్ 900 డాలర్లు. ఇంత ఎత్తులో వాడినవాళ్లు చెప్పండి ప్లీజ్.