మద్యనిషేధం: తాగేవాడి ఇష్టం ఎంతవరకు, ప్రభుత్వ అధికారం ఎంతవరకు?

వాదప్రియ:
వయసొచ్చిన మనిషి తన డబ్బుతో, తన ఇంట్లో కూర్చుని తాగితే దాన్ని నేరమనే అధికారం ప్రభుత్వానికి ఎక్కడిది? ఇతరులకు హాని జరగకుండా ఆపడానికే తప్ప, నీ మంచి కోసమేనంటూ ఎవరినీ బలవంతపెట్టరాదని ఆంగ్ల తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 1859లోనే వాదించాడు. తాగి భార్యను కొట్టినవాణ్ణి కొట్టినందుకు శిక్షించాలి, తాగినందుకు కాదు. 1995 జనవరి 16న ఆంధ్రప్రదేశ్‌లో అమల్లోకి వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం ఈ తేడాను చెరిపేసింది. రాజ్యాంగం 47వ అధికరణం మద్యనిషేధానికి ప్రయత్నించమన్న మాట నిజమే కాని, ఆదేశిక సూత్రం ఉన్నంత మాత్రాన ఆ అధికారం న్యాయమైపోదు.

పెన్నాతీరం:
వాదప్రియ గారూ, మీరు కథను మధ్యలో ఎత్తుకున్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు, ఎక్కడో దూరంగా ఉన్న ప్రభుత్వాన్ని పిలిచి తమ మగవాళ్లను బాగుచేయమని అడగలేదు. ప్రభుత్వం అప్పటికే ఊళ్లో ఉంది. 1980లలో వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో సరఫరా చేయించింది అదే, అమ్ముకునే హక్కును వేలం వేసి ఆబ్కారీ రాబడి లెక్కగట్టుకున్నదీ అదే. కూలి చేతికందిన సాయంత్రం, ఇల్లు చేరకముందే ప్యాకెట్ మూలను పంటితో కొరికి తాగేసే వీలు ఆ ఏర్పాటు కల్పించిందే. సారా దుకాణం మూయించిన ఆడవాళ్ల కథను అక్షరాస్యతా తరగతిలో పాఠంగా చదువుకున్న ఆ మహిళలు దుకాణాల దగ్గర ఆగిపోలేదు, నెల్లూరులో వేలం పాటలనే అడ్డుకున్నారు. వాళ్ల గురి తాగేవాడికంటే పాట పాడించే ప్రభుత్వం మీదే ఎక్కువ.

1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధించడమంటే ప్రభుత్వం తాను నడిపిస్తున్న వ్యాపారాన్ని కట్టిపెట్టడం. 1995లో నిషేధం అన్ని రకాల మద్యానికీ పాకింది. రెండోదానిపై మీ అభ్యంతరంతో చాలావరకు ఏకీభవిస్తాను. మొదటిదాన్ని స్వేచ్ఛాభంగం అనడం మాత్రం నాకు మింగుడుపడదు.

ఎదురుప్రశ్న:
ప్రభుత్వం తప్పుకోవడం వేరు, ఎవరూ అమ్మకూడదనడం వేరు. 1993లో లైసెన్సు రుసుము కట్టి సారా అమ్ముకుంటానన్నవాడికీ దారి మూసేశారు. ఆ తర్వాత 1995 జనవరి దాకా సారా నేరం, బ్రాందీ చట్టబద్ధం. రాబడి పడిపోయిందని, పొరుగు రాష్ట్రాల నుంచి దొంగసరుకు ఆగడంలేదని 1997లో నిషేధాన్ని సడలించినప్పుడూ సీసా మద్యం తిరిగొచ్చింది కాని సారా రాలేదు. తన మంచి తనకు తెలియదన్న అనుమానం ఎప్పుడూ కూలివాడి మీదే ఎందుకు పడుతుంది?

పెన్నాతీరం:
ఆ వివక్షను నేను సమర్థించను. అయితే వాదప్రియ గారు మిల్ పేరు ఎత్తారు కనుక చెబుతున్నాను: తాగుడులో పడి కుటుంబాన్ని పోషించనివాణ్ణి ఆ బాధ్యత తప్పినందుకు శిక్షించవచ్చని, తాగి హింస చేసినట్టు ఒకసారి రుజువైనవాడి మీద ప్రత్యేక ఆంక్ష పెట్టవచ్చని ఆయనే ఒప్పుకున్నాడు. ఇదంతా దెబ్బ పడ్డాక వచ్చే న్యాయం, దాన్ని కదిలించవలసిందీ దెబ్బ తిన్న మనిషే. రాత్రి తన్నులు తిన్న ఆడమనిషి తెల్లవారి స్టేషను మెట్లెక్కి, ఎవరి కూలితో సగం ఇల్లు గడుస్తుందో అతని మీదే ఫిర్యాదు రాయించి, సాయంత్రానికి మళ్లీ అదే గడపలోకి రావాలి. తన కూలిడబ్బు తన చేతిలో నిలవడం ఆమె స్వేచ్ఛ కాదా? స్వేచ్ఛ లెక్కలో తాగేవాడి పేరు ఒక్కటే రాసుకుంటే ఆమె ఎప్పటికీ ఆ లెక్కలోకి రాదు.

వాదప్రియ:
అలాగైతే ఆమె చేతికే అధికారం ఇవ్వాలి. 2005 నాటి గృహహింస చట్టం ఆర్థిక వేధింపును కూడా హింసగానే లెక్కిస్తుంది, సంగతి తెలిసిన ఎవరైనా రక్షణ అధికారికి చెప్పవచ్చంటుంది. 1992లో ఆ చట్టం లేదు కాబట్టి దూబగుంట కోరికను తప్పుపట్టను. నేడు ఇంటింటా సీసాలు వెతికించాలనేవారు మాత్రం, ఆ చట్టం ఎందుకు చాలదో ముందు చూపించాలి.

పెన్నాతీరం:
సీసాలు వెతకమని నేనూ అనడంలేదు. 2019 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దుకాణాలను ప్రభుత్వమే నడిపింది, 2024 అక్టోబరులో లాటరీ తీసి ప్రైవేటువాళ్లకు ఇచ్చింది. పద్ధతి ఏదైనా ఖజానా నిండుతుంది, రక్షణ అధికారిని నియమించేదీ ఆ ప్రభుత్వమే. గిరిజనులు ఎక్కువగా ఉండే షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తుపానీయాల అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం పంచాయతీలకు, గ్రామసభలకు ఉండాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. మైదాన ప్రాంతపు పల్లెల్లోనూ దుకాణానికి లైసెన్సు ఇచ్చేముందు గ్రామసభ సమ్మతి తప్పనిసరి చేయమంటాను. దానివల్ల మీ ఇంట్లో సీసా జోలికి ఎవరూ రారు కదా, అభ్యంతరం ఏమిటో చెప్పండి.