మన మాట తెర మీద వినిపిస్తే వైజాగ్ హాల్లో ఎందుకు నవ్వారు?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

రెండు వారాలుగా ఒక విషయం బుర్రలో తిరుగుతోంది. ఇక్కడ సినిమా పిచ్చి ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు కదా అని అడుగుతున్నాను.

మాది శ్రీకాకుళం, ఉద్యోగం వైజాగ్‌లో. శని, ఆదివారాలు ఇంటికి వచ్చేస్తాను. అలా ఈమధ్య ఒకే సినిమాని రెండు చోట్ల చూడాల్సి వచ్చింది, ముందు వైజాగ్ మల్టీప్లెక్స్‌లో ఆఫీసు వాళ్లతో, తర్వాతి ఆదివారం అమ్మని తీసుకుని మా ఊళ్లో. సినిమా పేరు రాయను, నా బాధ సినిమాతో కాదు. అందులో కొడుకు పని కోసం ఊరు వదిలి వెళ్తుంటే తల్లి గుమ్మంలో నిలబడి "బేగొచ్చీ నాయినా" అంటుంది, త్వరగా వచ్చేయ్ అని. అంతే, ఇంకో మాట లేదు. వైజాగ్‌లో ఆ మాటకి హాలు నవ్వింది. వెక్కిరింపు అనలేను, మామూలుగా నవ్వు వచ్చేసినట్టు నవ్వారు, నా పక్కన కూర్చున్న ఆఫీసు స్నేహితుడు కూడా. నాకు మాత్రం గొంతు పట్టేసింది. ప్రతి ఆదివారం సాయంత్రం కాంప్లెక్స్‌లో బస్సు కదిలేటప్పుడు మా అమ్మ కిటికీ చువ్వ పట్టుకుని అనే మాట అదే.

మా ఊరి హాల్లో అదే చోట ఎవరూ నవ్వలేదు. మా ముందు వరసలో ఒక ముసలామె చీర కొంగు కళ్లకి ఒత్తుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. అమ్మ నా చెవిలో "ఆ గుంటడు మరి రాడు సూడు" అంది.

ఈ నవ్వు ఎక్కడి నుంచి వచ్చింది? సిటీలో ఉంటే వస్తుందా, లేక ఇన్నేళ్లు మన సినిమాలు ఈ ఉత్తరాంధ్ర యాసని పనిమనిషికీ, వాచ్‌మన్‌కీ, తింగరి పాత్రకీ ఇచ్చి జనానికి అలవాటు చేశాయా? ఇంకొకటి కూడా అడగాలి. బస్సు ఆనందపురం దాటేసరికి నా మాట దానంతట అదే మారిపోతుంది, "ఏటి" కాస్తా "ఏంటి" అవుతుంది. మీకూ ఇలాగే జరుగుతుందా?

మూడు లాంతర్లు (విజయనగరం):

చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను తమ్ముడూ. నా ఓటు రెండోదానికే, తప్పు సినిమాలదే. సిటీని అనడానికి నాకు మనసు ఒప్పదు, ఎందుకంటే వైజాగ్‌లో సగం మంది ఇళ్లలో మాట్లాడేది ఇదే మాట. 2018లో వైజాగ్‌లోని కంచరపాలెం మీద సినిమా వచ్చింది కదా, ఎక్కువమంది ఆ పేటవాళ్లే నటించారు, అంతకుముందు కెమెరా ముందు నిలబడనివాళ్లు. దాన్ని వైజాగ్‌లోనే చూశాను. అప్పుడూ హాల్లో నవ్వారు, కానీ ఆ నవ్వు వేరు. మన వీధి మావయ్య తెర మీద కనపడితే వచ్చే నవ్వు అది. అక్కడ ఆ మాట హీరోదీ, ప్రేమించిన పిల్లదీ, ఏడ్చేవాడిదీ, అందరిదీ. నలుగురు పుస్తకాల తెలుగు మాట్లాడుతుంటే ఒక్క వంటవాడు మాత్రం మనలా మాట్లాడితే అప్పుడు తేడా కొడుతుంది. నువ్వు చూసిన సినిమాలో కొడుకు ఎలా మాట్లాడాడు? తల్లి ఒక్కర్తే యాస మాట్లాడి, కొడుకు హైదరాబాద్ తెలుగు మాట్లాడి ఉంటాడని నా అనుమానం.

నాకు ఎక్కువ కష్టం అనిపించేది ఇంకోటి. కన్యాశుల్కం 1892లో మొదటిసారి ఆడింది మా ఊళ్లోనే. ఏ పాత్ర మాట ఆ పాత్రదే, చదువుకున్నవాడిది ఒకలా, ఊరి మనిషిది ఒకలా. మాట్లాడే భాషలోనే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు మీ శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టారు, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. ఇంత జరిగిన నేల మీద మాట ఇప్పటికీ తెర మీద కామెడీ ట్రాక్‌కి పనికొస్తోందంటే నాకు కోపమే వస్తుంది.

పాత ఆపరేటర్ (బొబ్బిలి వైపు):

బాబూ, నేను చిన్న హాల్లో ముప్పై ఏళ్లు ఆపరేటర్‌గా చేశాను. మీరంతా తెర చూశారు, నేను గోడలో ఉన్న చిన్న కిటికీలోంచి తెరతో పాటు జనం తలకాయలు కూడా చూశాను. రీలు రోజుల్లో మాకు కన్ను తిప్పడానికి ఉండేది కాదు. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు, రెండు కలిపి ఎక్కించేవాళ్లం. అయిపోతోందనగా తెరకి కుడి పక్క పై మూలలో ఒక చుక్క మెరుస్తుంది, అప్పుడు రెండో మెషిన్ మోటారు వెయ్యాలి. ఏడెనిమిది సెకన్లకి ఇంకో చుక్క, అప్పుడు మార్చెయ్యాలి. ఆ చుక్క తప్పిందా, తెర తెల్లగా అయిపోయి హాలంతా ఈలలు. మరో పక్క మెషిన్‌కి వెలుగిచ్చే కార్బన్ పుల్లలు అరిగిపోతుంటాయి, వాటిని దగ్గరికి జరుపుతూ ఉండాలి. అందుకని ఒక్కో సినిమా నలభై, యాభై ఆటలు అలా నిలబడి చూసేవాడిని, ఏ మాటకి ఎక్కడ నవ్వుతారో కంఠతా వచ్చేసేది.

మా హాల్లో నేల టికెట్టు వాళ్లు యాసకి నవ్వేవాళ్లు కాదు. కమెడియన్ జారి పడితే నవ్వేవాళ్లు, దెబ్బ తింటే నవ్వేవాళ్లు. మాటకి నవ్వు ఎప్పుడొచ్చినా బాల్కనీ నుంచే ముందు వచ్చేది. వాళ్లూ మన ఊరివాళ్లే మరి, చదువుకున్న పిల్లలు, ఉద్యోగస్తులు. కాబట్టి దీనికి సిటీ దాకా వెళ్లక్కర్లేదు. నవ్వితే నేను ఆ మాట మనిషిని కాదని పక్కవాడికి తెలుస్తుంది, అందుకు నవ్వేవారని నాకు అనిపించేది. కొన్నాళ్లకి బాల్కనీ చూసి కింద కుర్చీల్లోనూ నవ్వడం మొదలెట్టారు. అది చూస్తే మాత్రం నాకు బాధ కలిగేది.

ఉప్పుగాలి (సోంపేట, ఇప్పుడు హైదరాబాద్‌లో):

ఆపరేటర్ గారు చెప్పిన బాల్కనీ నవ్వు నేను హాస్టల్లో నవ్వాను. మొదటి సంవత్సరం. ఎవరో మా యాసని అనుకరిస్తే అందరికంటే ముందు నేనే నవ్వాను, ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి మాట్లాడలేకపోయాను. ఇప్పటికీ అది గుర్తొస్తే తట్టుకోలేను.

2025 ఫిబ్రవరిలో తండేల్ వచ్చినప్పుడు రూమ్మేట్స్‌ని నేనే తీసుకెళ్లాను. మన జిల్లా నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కి చేపల వేటకి వెళ్లి, 2018లో పాకిస్తాన్ వాళ్లకి దొరికిపోయి, 2020 జనవరిలో తిరిగొచ్చినవాళ్ల కథ ఆధారంగా తీశారు. మా వీధిలో కూడా వెరావల్ వెళ్లేవాళ్లు ఉన్నారు, ఆ నెలల్లో ఇళ్లలో ఆడవాళ్లు ఫోన్ పక్కనే పెట్టుకుని పడుకునేవారు. సినిమా అయ్యాక ఒకమ్మాయి నన్ను "తండేల్ అంటే ఏంటి?" అని అడిగింది. పడవకి నాయకుడు అని చెప్పాను. ఒక మాటకి అర్థం అడగడం వేరు, నవ్వడం వేరు కదా, నాకు చాలా సంతోషం వేసింది.

ఒక్క ఫిర్యాదు మాత్రం ఉంది, ఇది అన్ని సినిమాలకీ. "ఏటి", "బేగి", "ఒగ్గేయ్" నేర్చుకుంటే యాస వచ్చేసినట్టు అనుకుంటారు. మనం వాక్యం చివర సాగదీస్తాం, అడిగేటప్పుడు ఒకలా, బతిమాలేటప్పుడు ఒకలా. ఆ రాగం లేకుండా మాట మాత్రం పెడితే అతికించినట్టు ఉంటుంది. పైగా ఇచ్ఛాపురం వైపు ఒడియా కలుస్తుంది, సాలూరు వైపు మాట ఇంకోలా ఉంటుంది, అన్నిటికీ కలిపి "శ్రీకాకుళం యాస" అని ఒకే పేరు పెట్టేస్తారు.

నాగావళి గట్టు:

మూడు లాంతర్లు అన్నా, మీ అనుమానం నిజమే. కొడుకు పాత్ర మొదటి నుంచి చివరి దాకా మామూలు సినిమా తెలుగే మాట్లాడాడు. చూసినప్పుడు నాకు తట్టనే లేదు. తల్లీ కొడుకులు వేర్వేరు ఊళ్లవాళ్లలా మాట్లాడుతుంటే నవ్వు రావడంలో వింత లేదేమో.

ఉప్పుగాలి గారూ, మీరు రాసింది చదివాక నిన్న ఆఫీసులో ఆ స్నేహితుడిని పక్కకి పిలిచి చెప్పాను, బేగొచ్చీ అంటే త్వరగా వచ్చేయ్ అని, మా అమ్మ అనే మాట అని. మొహం చిన్నబుచ్చుకున్నాడు. వాళ్ల అమ్మమ్మది చీపురుపల్లి అట, ఆవిడా అలాగే అనేదట, హాల్లో గుర్తు రాలేదన్నాడు. వచ్చే ఆదివారం నాతో శ్రీకాకుళం వస్తానన్నాడు, రెండో ఆటకి.

ఆపరేటర్ గారూ, ఆ కిటికీలోంచి చూసినవి ఇంకా చాలా ఉండే ఉంటాయి. ఓపిక ఉన్నప్పుడు విడిగా రాయండి, ముఖ్యంగా ఆడవాళ్ల వైపు ఎక్కడెక్కడ ఏడ్చేవారో.