చెన్నైలో తెలుగు పేపర్ ఇంకా వేయించుకుంటున్నారా? వార్తలు ఎక్కడ చూస్తున్నారు?

పెరంబూర్_వాసి
అందరికీ నమస్తే. నాన్నగారికి పొద్దున్నే తెలుగు పేపర్ లేకపోతే కాఫీ కూడా దిగదు. మొన్న ఏజెంట్ వచ్చి మీ లైన్లో తెలుగు పేపర్ మీ ఒక్కరికే సార్, వచ్చే నెల నుంచి కుదరదు, తమిళం అయితే వేస్తా అన్నాడు. ఆయన్నీ తప్పు పట్టలేం, ఒక్క కాపీ కోసం తెల్లారుజామున పేపర్లు దిగే ఇంకో పాయింట్‌కి వెళ్ళాలి కదా. నాన్న ముందు తమిళనాడు వార్తల పేజీ తీస్తారు, ఏ సంఘం వాళ్ళు ఎక్కడ మీటింగ్ పెట్టారు, ఎవరు పోయారు, వేలు పెట్టి లైను లైను చదివి తెలిసిన పేరుంటే అమ్మని కేకేస్తారు. ఫోన్లో యూట్యూబ్ న్యూస్ పెట్టిస్తే కొన్నాళ్ళు చూసి "అందరూ అరుస్తున్నారు, వార్త ఏదిరా" అన్నారు. మీ ఇళ్ళల్లో ఏం చేస్తున్నారు? పేపర్ల పని నిజంగా అయిపోయినట్టేనా?

వేళచ్చేరి_కుర్రోడు
అన్నా, నేను పేపర్ ముట్టుకుని ఏళ్ళయింది, నాకు లోటేం అనిపించట్లేదు. ఒకే స్పీచ్ రెండు తెలుగు పేపర్లలో చదివితే ఇద్దరు వేరే మనుషులు మాట్లాడినట్టు ఉంటుంది, పార్టీకో పేపర్ అయ్యాక నమ్మకం ఎలా ఉంటుంది? 2015 డిసెంబర్ వరదలప్పుడు 1878 నుంచి నడుస్తున్న ది హిందూనే ఒకరోజు ఇక్కడ ప్రింట్ కాలేదు, మరైమలైనగర్ ప్రెస్‌కి మనుషులు వెళ్ళలేకపోయారు. ఆ టైంలో ఏ రోడ్లో ఎంత నీళ్ళున్నాయో జనం పెట్టిన పోస్టులే చెప్పాయి.

పాత_డెస్క్_మనిషి
బాబూ, నమ్మకం విషయంలో నువ్వన్నది కాదనను, ఆ పాపం పేపర్లదే. కానీ నేను పేపర్ ఆఫీసులో, వార్తలు దిద్దే డెస్క్‌లో చాలాకాలం చేశాను కాబట్టి లోపల సంగతి చెప్తా. మీరు కట్టే డబ్బులు పేపర్ అచ్చు ఖర్చుకి కూడా చాలవు, నడిపించేది యాడ్సే, ఆ యాడ్స్ డబ్బు గూగుల్‌కి ఫేస్‌బుక్‌కి వెళ్ళిపోయింది. న్యూస్‌ప్రింట్‌, అంటే పేపర్ అచ్చేసే కాయితం, అందులో చాలావరకు బయటి దేశాల నుంచి రావాలి, 2019 బడ్జెట్లో దానిమీద 10 శాతం కస్టమ్స్ డ్యూటీ వేసి మరుసటి ఏడాది 5కి తగ్గించారు, అంతలో కరోనా వచ్చిపడింది, పేజీలు తగ్గాయి, జిల్లా ఎడిషన్లు మెయిన్‌లో కలిపేశారు. అప్పుడు ముందు పోయింది ఎవరనుకున్నారు? మండలాల్లో వార్తలు రాసి పంపే కంట్రిబ్యూటర్లు. వాళ్ళకి జీతం ఉండదు, లైన్ అకౌంట్, అచ్చయిన దాన్ని కొలిచి ఇచ్చే డబ్బులు, పేజీ పోతే అవీ లేవు. యూట్యూబ్‌లో కూర్చుని చర్చ చేసేవాళ్ళు చాలామంది పొద్దున పేపర్లో వచ్చింది చేత్తో పట్టుకునే మాట్లాడతారు, ఆ మొదటి వార్త రాసే మనిషే లేకపోతే వాళ్ళు దేనిమీద మాట్లాడతారు? నాకు బాధ అక్కడే. ఈ ఊళ్ళో ఆంధ్రపత్రిక 1914 నుంచి నడిచింది, ఆంధ్రప్రభ 1938లో ఇక్కడే పుట్టింది, ఇవాళ ఒక వీధికి ఒక్క తెలుగు కాపీ వేయడం కష్టమైపోయింది.

కొరట్టూర్_అమ్మ
సార్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం అండి. మా పాప ఇక్కడ తెలుగు మీడియంలో చదివింది. 2006 చట్టం వల్ల టెన్త్ పబ్లిక్‌లో తమిళం తప్పనిసరి, మన పిల్లలకి మినహాయింపు ఇస్తారా ఇవ్వరా అని టెన్షన్, 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఏడాది పరీక్షకి మినహాయింపు ఇచ్చింది. హైదరాబాద్ ఛానళ్ళకి ఇది వార్తే కాదు, తమిళ ఛానళ్ళు చిన్నగా చెప్పి వదిలేశాయి, నాకు పూర్తిగా తెలిసింది తెలుగు పేపర్ చెన్నై పేజీలోనే. వాట్సాప్ గ్రూపులో అయితే అప్పటికే పరీక్షే రద్దయిందని తిరిగేసింది!

టీనగర్_రవాణా
ఈ-పేపర్ పెట్టివ్వండి, ట్యాబ్‌లో అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు. కానీ గ్రూపుల్లో ఊరికే వచ్చే పేపర్ పీడీఎఫ్ మాత్రం వద్దు, 2020లో హిందీ పేపర్ దైనిక్ జాగరణ్ వాళ్ళు దీనిమీదే టెలిగ్రామ్‌ని ఢిల్లీ హైకోర్టుకి లాగారు. కాయితమే కావాలంటే స్టేషన్ దగ్గర పేపర్ షాపుల్లో అడగండి, నెలకి అడ్వాన్స్ ఇస్తే కొంతమంది విడిగా తీసిపెడతారు, వాకింగ్‌కి వెళ్ళి నాన్నగారే తెచ్చుకుంటారు.