పసిబిడ్డ పెంపకం గురించి అత్తగారితో రోజూ వాదనే: ఏం చేయాలి?

ప్రశ్న:
మేము హైదరాబాదులోని మియాపూర్‌లో ఉంటాము. బాబుకు ఐదో నెల నడుస్తోంది. నాకు ప్రసూతి సెలవు 26 వారాలు కాబట్టి త్వరలో ఉద్యోగంలో చేరాలి. ఆ తరువాత బాబును చూసుకోవడానికని మా అత్తగారు మామగారిని కోనసీమలో ఒక్కరినే వదిలి వచ్చారు. ఆవిడ బాబును ప్రాణంగా చూస్తారన్న మాట నిజమే. అయితే ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దని డాక్టరుగారు చెప్పినా, వస కొమ్ము అరగదీసి నాలుకకు రాయడం, తేనె నాకించడం, స్నానమయ్యాక తలుపులు మూసి సాంబ్రాణి పొగ వేయడం మానడం లేదు. మొన్న నేను స్నానం చేసి వచ్చేసరికి బాబు పెదవి చివర తేనె జిగురు కనిపించింది. అడిగితే, "మీ ఆయన్ని ఇలాగే పెంచాను, వాడికేం తక్కువైంది? ఇది నా కొడుకు ఇల్లు, నచ్చకపోతే మీ అమ్మ దగ్గరికి వెళ్లు" అన్నారు. మా వారేమో "మీరూ మీరూ చూసుకోండి" అని ల్యాప్‌టాప్ పట్టుకొని గదిలోకి వెళ్లిపోతారు. రేపు నేను ఆఫీసులో ఉన్నప్పుడు ఏం జరుగుతుందోనని భయంగా ఉంది.

మొదటి జవాబు (ఇద్దరు మనవలను పెంచిన ఒక అత్తగారు):
అమ్మాయీ, తేనె విషయంలో నువ్వు ఒక్క మెట్టు కూడా దిగవద్దు. ఏడాది నిండని బిడ్డకు తేనె వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. వస కూడా మానిపించవలసిందే. కానీ నూనె మర్దన, నలుగు, స్నానం, జోల ఇవన్నీ ఆవిడకే పూర్తిగా వదిలిపెట్టు, పక్కన నిలబడి చూడకు. పొగ వేసేటప్పుడు మాత్రం బిడ్డను ఆ గదిలో ఉంచవద్దని అడుగు. ఈసారి టీకాకు వెళ్లినప్పుడు ఆవిడనూ తీసుకువెళ్లి, బిడ్డను ఆవిడ ఒడిలోనే ఉంచి, వస గురించీ తేనె గురించీ ఆవిడనే డాక్టరుగారిని అడగనివ్వు. కోడలు దిద్దితే చిన్నతనంగా తోచే మాట, డాక్టరు నోట వస్తే అలా తోచదు. ఇంకొక సంగతి, ఊళ్లో అరుగు మీద నలుగురితో గడిపిన మనిషికి మీ అపార్ట్‌మెంటులో పలకరించేవారు ఎవరున్నారు? ఆ చిరాకులో సగం మామగారి మీద బెంగే అయి ఉంటుందని నాకు అనిపిస్తోంది.

రెండవ జవాబు (ఒక భర్త):
పెద్దావిడగారి మాటలు బాగున్నాయి కానీ, భారమంతా మళ్లీ కోడలి మీదే వేశారు. ఆవిడ కొడుకు ఉన్నాడు కదా! తేనె వద్దని తల్లికి చెప్పవలసింది అతనే, అది కూడా భార్య ఎదుట లేనప్పుడు, "డాక్టరు వద్దన్నారు, నేనూ వద్దంటున్నాను" అని స్పష్టంగా చెప్పాలి. ఇక మీరిద్దరూ ఆలోచించవలసినది మరొకటి ఉంది. జీతం లేని ఆయా పని ఆవిడ చేత చేయించుకుంటూ, అధికారం మాత్రం మా దగ్గరే ఉండాలంటే కుదరదు. సాయంత్రం మీ వారు రాగానే బాబును ఆయన తీసుకోవాలి, వంట ఆవిడ మీద పడకూడదు, నెలకొకసారైనా ఆవిడ ఊరు వెళ్లి రావాలి. మీ ఆఫీసులో 50 మంది గానీ అంతకు మించి గానీ పనిచేస్తుంటే, చట్టప్రకారం క్రెష్ (పనివేళల్లో పసిపిల్లలను చూసుకునే చోటు) వసతి ఉండాలి, రోజుకు 4 సార్లు వెళ్లి బిడ్డను చూసుకోనివ్వాలి. హెచ్‌ఆర్ వారిని అడగండి. వేరే దారి ఉందని తెలిస్తే ఆవిడతో మాట్లాడేటప్పుడు మీకే ఆ భయం తగ్గుతుంది.

మూడవ జవాబు (న్యాయవాది):
"నా కొడుకు ఇల్లు" అన్న మాటకే పరిమితమై ఒకటి చెబుతాను. 2005 నాటి గృహహింస చట్టం ప్రకారం కాపురం చేస్తున్న ఇంట్లో ఉండే హక్కు కోడలికి ఉంది. ఇల్లు అత్తమామల పేరున ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. కోపంలో వచ్చిన మాటకు చట్టాన్ని ఎదురు నిలపనక్కరలేదు. కొట్టడం, గెంటివేయడం దాకా వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా మహిళా హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేయండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ రాత్రే మా వారితో మాట్లాడతాను. ఆరో నెల నిండాక ఉగ్గు మొదలుపెట్టాలి, అప్పుడు మళ్లీ గొడవ కాకుండా ఏం చేయమంటారు?

మొదటి జవాబు ఇచ్చినవారు:
ఉగ్గు ఆవిడనే చేయమను. బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి రవ్వగా పట్టడంలో ఆవిడకున్న చెయ్యి నీకు లేదుగా. ఏడాది వరకు ఉప్పు, పంచదార వేయవద్దన్న మాట మాత్రం టీకా రోజునే డాక్టరుగారి చేత చెప్పించు. చప్పిడిగా ఉంటే వాడెలా తింటాడని ఆవిడ తప్పకుండా అడుగుతారు, ఆ ప్రశ్న కూడా అక్కడే అడగనివ్వు.