మ్యూనిక్ నుంచి రేగెన్స్‌బుర్గ్‌కు ఒక్కరోజు రైలు ప్రయాణం: అనుభవజ్ఞుల సలహా కావాలి

ప్రశ్న (మల్కాజిగిరి నుంచి)

మా అమ్మాయి, అల్లుడు మ్యూనిక్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. నేనూ మా ఆవిడా జూన్, జూలై నెలలు వాళ్ళ దగ్గర గడపబోతున్నాము. పిల్లలిద్దరికీ మాటిమాటికీ సెలవు దొరకదు కనుక, ఒక రోజు మేమిద్దరమే ఉదయం రైలెక్కి, దగ్గరలోని పాత నగరం ఒకటి చూసుకొని, రాత్రి భోజనాల వేళకు ఇల్లు చేరుకోవాలని ఆశపడుతున్నాము. బడిలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి. జనం ఇప్పటికీ కాపురాలుంటున్న పాత వీధుల్లో తిరగడం నాకు కోటలకన్నా ఇష్టం. అల్లుడు రేగెన్స్‌బుర్గ్ పేరు చెప్పాడు.

అక్కడి మామూలు రైళ్ళకు ముందుగా రిజర్వేషన్ చేయించుకోవాలా? జర్మన్ రాని ఇద్దరు పెద్దవాళ్ళు ఇబ్బంది లేకుండా వెళ్ళిరాగలరా? మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులున్నాయి, పైగా మేము శాకాహారులం. ఒక్క రోజులో ఏవి చూడాలో, ఏవి వదిలేయాలో చెప్పగలరు.

జవాబు (అమీర్‌పేట నుంచి)

నమస్కారమండి. నేను మ్యూనిక్‌లో చదువుకున్నాను, ఆ దారిలో చాలాసార్లు ప్రయాణించాను. మీరిద్దరూ నిశ్చింతగా వెళ్ళిరావచ్చు. ఫ్రైసింగ్, ల్యాండ్స్‌హూట్ మీదుగా వెళ్ళే రీజినల్ రైలు సుమారు గంటన్నరలో రేగెన్స్‌బుర్గ్ చేరుస్తుంది. ఆ రైళ్ళలో బెర్తు, సీటు నంబరు, చార్టు ఉండవు. ఖాళీగా ఉన్న చోట కూర్చోవడమే. ఫస్ట్ క్లాసు పెట్టెపైన ‘1’ అని పెద్దగా రాసి ఉంటుంది, అది మాత్రం ఎక్కకండి.

మీకు సరిపోయేది బాయర్న్ టికెట్. బవేరియా రాష్ట్రమంతటా ఒక రోజు చెల్లుతుంది, ఐదుగురి వరకు ఒకే టికెట్ మీద వెళ్ళవచ్చు, ఇద్దరికైనా విడివిడి టికెట్లకన్నా చాలా చవక. అదే టికెట్టుతో మ్యూనిక్‌లో మెట్రో, ట్రాము, బస్సు కూడా ఎక్కవచ్చు కనుక ఇంటి నుంచి స్టేషనుకు వేరే టికెట్ అక్కరలేదు. అయితే సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 9 గంటల తరువాతే అది చెల్లుతుంది. శని, ఆదివారాల్లోనూ పండగ రోజుల్లోనూ అర్ధరాత్రి నుంచే చెల్లుతుంది. ఏ రోజైనా మర్నాడు తెల్లవారుజామున 3 గంటల వరకు గడువుంటుంది కాబట్టి తిరుగు ప్రయాణానికి తొందరపడవలసిన పని లేదు. టికెట్ మీద ప్రయాణికులిద్దరి పేర్లూ రాయాలి, పాస్‌పోర్టు వెంట ఉంచుకోవాలి. ఐసీఈ వంటి వేగవంతమైన రైళ్ళలో ఈ టికెట్ పనికిరాదు. టికెట్ లేకుండా దొరికితే జరిమానా 60 యూరోలు.

మీరు రెండు నెలలూ అక్కడే ఉంటారు కనుక డాయిచ్‌లాండ్ టికెట్ గురించి కూడా ఆలోచించండి. 2023 మేలో 49 యూరోలతో మొదలైన ఈ నెలసరి టికెట్ ధర 2026 జనవరి నుంచి 63 యూరోలయింది. దేశమంతటా రీజినల్ రైళ్ళకూ ఊళ్ళలోని బస్సులకూ చెల్లుతుంది, 9 గంటల నిబంధన దీనికి లేదు. కాకపోతే మనిషికొకటి తీసుకోవాలి, నెలనెలా దానంతటదే కొనసాగుతుంది. మీరు బయలుదేరే నెల పదో తేదీలోగా మీ అమ్మాయి దాన్ని రద్దు చేయడం మరచిపోకూడదు.

ఇంకొక మాట. కొన్ని రైళ్ళు దారిలో రెండుగా విడిపోయి వేర్వేరు ఊళ్ళకు వెళతాయి. అందుచేత ఎక్కే ముందు మీ పెట్టె మీది బోర్డులో రేగెన్స్‌బుర్గ్ పేరు ఉందో లేదో చూసుకోండి. తలుపు తెరుచుకోవాలంటే మీరే మీట నొక్కాలి.

జవాబు (తార్నాక నుంచి)

మీరు చరిత్ర ఉపాధ్యాయులని చదివి చాలా సంతోషించాను. ఆ నగరం మీలాంటివారు చూడవలసినదే. రెండో ప్రపంచ యుద్ధంలో ఊరి శివారులోని విమానాల కర్మాగారం మీద బాంబులు పడ్డాయి గాని, పాత నగరం చాలావరకు దెబ్బతినకుండా మిగిలింది. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. స్టేషను నుంచి పాత వీధులకు పది పదిహేను నిమిషాల నడక, దారి సమతలంగానే ఉంటుంది.

ముందుగా పోర్టా ప్రెటోరియా దగ్గరికి వెళ్ళండి. రోమన్ చక్రవర్తి మార్కస్ అరీలియస్ కాలంలో, క్రీ.శ. 179లో ఇక్కడ సైనిక శిబిరం కట్టారు. దాని ఉత్తర ద్వారపు రాళ్ళు నేటికీ ఒక వీధి గోడలో కలిసిపోయి నిలబడి ఉన్నాయి. కంచె, టికెట్ ఏమీ లేవు, చేత్తో తాకవచ్చు. అక్కడికి నాలుగడుగుల్లోనే సెయింట్ పీటర్ కెథీడ్రల్ ఉంది. దాని నిర్మాణం 13వ శతాబ్దంలో మొదలైనా జంట గోపురాలు పూర్తయింది 1869లోనే.

తరువాత పాత టౌన్‌హాల్. దీనికి తప్పనిసరిగా సమయం కేటాయించండి. తుర్కుల దాడిని ఎదుర్కొనడానికి సాయం కోరుతూ 1663లో సమావేశపరచిన పవిత్ర రోమన్ సామ్రాజ్య (నాటి జర్మన్ రాజ్యాల కూటమి) సభ ఆ తరువాత రద్దు కానే లేదు. 1806లో సామ్రాజ్యమే అంతరించేదాకా, అంటే 143 ఏళ్ళపాటు, ఇక్కడే కొనసాగింది. ఎవరి హోదా ఎంతో ఆ సభామందిరంలో ఆసనాల ఎత్తే చెబుతుంది, చక్రవర్తి పీఠం అన్నిటికన్నా పైన ఉంటుంది. గైడు వెంటే లోపలికి వెళ్ళాలి కనుక, ఊరు చేరగానే ఆ భవనంలోనే ఉన్న పర్యాటక కార్యాలయంలో ఇంగ్లీషు గైడు వచ్చే వేళ కనుక్కోండి. ఆ వేళను బట్టి మిగతావి సర్దుకోవచ్చు.

దగ్గరలోని కెప్లర్ వీధిలో ఖగోళ శాస్త్రవేత్త యోహానెస్ కెప్లర్ చివరి రోజులు గడిపిన ఇల్లుంది. తనకు రావలసిన జీతం బకాయిల కోసం 1630లో ఆయన ఈ ఊరికి వచ్చి, జబ్బుపడి, నవంబరు 15న కన్నుమూశారు. ముప్పై ఏళ్ళ యుద్ధంలో ఆయనను ఖననం చేసిన శ్మశానం నాశనమై, సమాధి ఆనవాలు కూడా లేకుండా పోయింది. గ్రహగతుల సూత్రాలు కనిపెట్టినవాడు బాకీ వసూలు కోసం తిరుగుతూ పోయాడన్న సంగతి ఆ ఇంటి ముందు నిలబడితే మనసును పిండేస్తుంది.

నాయ్‌ఫార్‌ప్లాట్స్ అనే చౌకును కూడా వదలకండి. 1519లో ఇక్కడి యూదులను వెళ్ళగొట్టి వారి వాడనూ ప్రార్థనాలయాన్నీ కూల్చివేశారు. 1990లలో జరిగిన తవ్వకాల్లో ఆ పునాదులు బయటపడ్డాయి. శిల్పి డానీ కరవాన్ ఆ ప్రార్థనాలయపు నేలపటాన్ని తెల్లగా, జనం వచ్చి కూర్చునేటట్టు మలిచారు. మీ ఆవిడ గారు కాసేపు కూర్చోవడానికి కూడా అది మంచి చోటు.

చివర రాతి వంతెన. మన మూసీ మీది పురానాపూల్ 1578 నాటిది. డాన్యూబ్ మీద ఈ వంతెనను 1135, 1146 మధ్య కట్టారు, అంటే నాలుగు వందల ఏళ్ళకు పైగా పెద్దది. ఎనిమిది వందల ఏళ్ళపాటు ఆ ఊరి జనం ఆ నదిని దాటింది దీని మీదుగానే. ఇప్పుడు నడిచేవారికీ సైకిళ్ళకే అనుమతి ఉంది కాబట్టి మధ్యలో నిలబడి ఎంతసేపైనా చూడవచ్చు.

అడిగినవారి నుంచి

ఇంత ఓపికగా రాసినందుకు మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు సందేహాలు మిగిలాయి. ఊరికి దగ్గరలో వాల్హల్లా అనే స్మారక మందిరం ఉందని, అదీ అదే రోజు చూడవచ్చని అల్లుడు అంటున్నాడు. సాధ్యమేనా? అలాగే పనిరోజు మంచిదా, ఆదివారం మంచిదా?

జవాబు (కూకట్‌పల్లి నుంచి)

వాల్హల్లాను ఈసారికి మానుకొమ్మనే నా సలహా. మొదటి లుడ్విగ్ రాజు కట్టించగా 1842లో ప్రారంభమైన ఆ మందిరం గొప్పదే. అయితే పడవలో వెళితే నదివైపు నుంచి 358 మెట్లెక్కాలి. మోకాళ్ళ నొప్పులున్నవారికి అది శిక్షే, పైగా సగం రోజు దానికే పోతుంది. పాత నగరంలో కూడా చాలాచోట్ల రాళ్ళు పరచిన వీధులే, కాబట్టి మెత్తటి అడుగు ఉన్న బూట్లు వేయించండి.

నన్నడిగితే ఆదివారమే వెళ్ళమంటాను. 9 గంటల నిబంధన ఉండదు కనుక ఎనిమిదిలోపు రైలెక్కితే కెథీడ్రల్‌లో ఉదయం ప్రార్థనకు అందుకోవచ్చు. 975లో మొదలైన డోమ్‌స్పాట్సెన్ బాలుర గాయకబృందం బడి రోజుల్లో ఆదివారాలు అక్కడ పాడుతుంది. 2022 నుంచి బాలికల బృందం కూడా ఏర్పడింది. మతం ఏదైనా వెనుక వరుసలో నిశ్శబ్దంగా కూర్చొని వినవచ్చు. పెంటెకోస్ట్ పండగ సెలవుల రెండు వారాలు వదిలేసి, జూలై చివరో ఆగస్టు మొదటో మొదలయ్యే వేసవి సెలవులకు ముందు మిగిలిన ఆదివారాల్లో ఒకటి ఎంచుకోండి. ఆ రోజు దుకాణాలు మూసి ఉంటాయి, హోటళ్ళు, కాఫీ కొట్లు తెరిచే ఉంటాయి.

వంతెన పక్కన ఎంతో పేరున్న వుర్స్ట్‌కుఖల్ అనే పాత వంటశాల ఉంది గాని అక్కడ ప్రధానంగా పంది మాంసపు సాసేజీలే కాలుస్తారు. దాని పక్కనే ఉన్న పాత ఉప్పు గిడ్డంగిలో వారసత్వ నగరం గురించిన ప్రదర్శన ఉచితంగా చూడవచ్చు. భోజనానికి కేజ్‌ష్పెట్స్‌లె అనే, చీజు కలిపిన నూడుల్స్ వంటి వంటకం దొరుకుతుంది. అందులో మాంసం ఉండదు గాని గుడ్డు కలుపుతారు. బ్రెట్సెల్ రొట్టెలో కూడా కొన్నిచోట్ల పంది కొవ్వు వేస్తారు కాబట్టి అడిగి తీసుకోండి. ఇంటి నుంచి పెరుగన్నం, పులిహోర పట్టుకెళ్ళడం ఉత్తమం, రీజినల్ రైల్లో తింటే ఎవరూ ఏమీ అనరు. స్టేషన్లలో మరుగుదొడ్డికి చిల్లర నాణేలు కావాలి, రైల్లో మాత్రం ఉచితమే.

వారాంతాల్లో పట్టాల మరమ్మతుల వల్ల కొంత దూరం రైలుకు బదులు బస్సు నడపడం అక్కడ తరచుగా జరుగుతుంది. శనివారం రాత్రే మీ అమ్మాయి చేత జర్మన్ రైల్వే వారి డీబీ నావిగేటర్ యాప్‌లో మర్నాటి రైలు వేళలూ ప్లాట్‌ఫారం నంబరూ చూపించుకొని, కాగితం మీద రాసి పెట్టుకోండి.