సాయం చేసిన మనిషి ఎదురొస్తే గుర్తుపట్టలేకపోయాను

ఎమ్మార్‌పల్లి టీచరమ్మ (తిరుపతి):

అందరికీ నమస్కారం. నాకు 72 ఏళ్ళు. 34 ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో, స్టవ్ ఆపానో లేదో, అలాంటివి నాకూ ఉన్నాయి. వాటితో ఎలాగో సర్దుకుంటున్నాను. నన్ను నిద్రపోనివ్వనిది వేరే.

పోయిన ఆదివారం రైతుబజార్‌లో సొరకాయ బేరం చేస్తుంటే పక్కనుంచి ఒకతను "ఏం మేడం, బాగుండారా?" అన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. తేరిపార చూసి, "ఎవరు బాబూ, నా దగ్గర చదువుకున్నావా?" అన్నాను. అతను కాస్త ఆగి, "లేదులే మేడం, ఊరికే పలకరించినా" అని నవ్వి వెళ్ళిపోయాడు.

రాత్రి పదకొండు దాటాక, పక్క మీద అటూ ఇటూ దొర్లుతుంటే గుర్తొచ్చింది.

2021 నవంబరు 18. కార్తీక పౌర్ణమి రోజులు. ఆ వాన తిరుపతిలో ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. కపిలతీర్థం దగ్గర కొండ మీంచి నీళ్ళు విరుచుకుపడ్డాయి. శ్రీవారి మెట్టు దారి ఎంత దెబ్బతిందంటే, మళ్ళీ తెరిచేసరికి తర్వాతి ఏడాది మే వచ్చింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఆ తర్వాత ఊళ్ళే ఖాళీ చేయించారు. మా ఇల్లు పల్లంలో ఉంటుంది. చీకటి పడేసరికి హాల్లో మోకాళ్ళ పైకి నీళ్ళు, కరెంటు లేదు. మావారికి కాలికి పుండు, ఇన్సులిన్ మీద ఉన్నారు, నడవలేరు. అప్పుడు వచ్చాడు ఇతను. ఆటో మెయిన్ రోడ్డు మీద వదిలి, నీళ్ళలో నడిచొచ్చి, మావారిని వీపున ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. తిరిగొచ్చి నన్ను చెయ్యి పట్టుకుని దాటించాడు. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉండిపోయిందని నేను ఏడుస్తుంటే మూడోసారి వెళ్ళి ఆ డబ్బా తెచ్చాడు. మా మరిది ఇంటి దగ్గర దించి, డబ్బులిస్తే తీసుకోలేదు.

మావారు ఆ తర్వాత రెండేళ్ళు ఉన్నారు. మనవరాలిని ఎత్తుకున్నారు. ఆ రెండేళ్ళు ఎవరి వల్ల వచ్చాయో ఆ మనిషిని పట్టుకుని నేను "ఎవరు బాబూ" అన్నాను.

క్లాసులో 'కృతజ్ఞుడు' అనే మాటను బోర్డు మీద విడదీసి రాసేదాన్ని. కృతం అంటే చేసినది, జ్ఞ అంటే తెలిసినవాడు. పక్కనే 'కృతఘ్నుడు' అని రాసి, చేసిన మేలును చంపేవాడు అని చెప్పేదాన్ని. ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో. ఇప్పుడు ఆ బోర్డులో నేను ఏ వైపు ఉన్నాను?

ఇది వయసుకు మామూలేనా? అతన్ని వెతికి పట్టుకోవాలా? పట్టుకుంటే ఏం ఇవ్వాలి? మీలో పెద్దవాళ్ళు, మేలు చేసినవాళ్ళను మనసులోంచి జారిపోకుండా ఎలా కాపాడుకుంటున్నారు? దయచేసి చెప్పండి.

రిటైర్డ్ స్టాఫ్ నర్సు (చిత్తూరు):

టీచరమ్మ గారూ, మీరు రాసింది మీరే ఒకసారి మళ్ళీ చదవండి. తేదీ ఉంది, అతను ఎన్నిసార్లు నీళ్ళలోకి దిగాడో ఉంది, ఇన్సులిన్ డబ్బా ఉంది. అతను చేసింది మీరు ఏదీ మర్చిపోలేదు. ముఖం అందుకోవడం ఆలస్యమైంది, అంతే. అతన్ని చీకట్లో, వానలో, ప్రాణభయంలో చూశారు. పగటి వెలుగులో కూరగాయల మధ్య చూస్తే నాలాంటిదానికైనా కష్టమే. వయసు పెరిగేకొద్దీ మెదడు వెతికి తీసే వేగం తగ్గుతుంది. పేర్ల విషయంలో మరీ. కాసేపటికో రాత్రికో దానంతటదే వస్తే సాధారణంగా భయపడక్కర్లేదు.

భయపడాల్సినవి వేరే ఉన్నాయి. రోజూ నడిచే వీధిలో దారి తప్పడం, ఇప్పుడే అడిగింది పది నిమిషాల్లో మళ్ళీ అడగడం, ముప్పై ఏళ్ళుగా పెట్టే పులుసులో చింతపండు పిసికాక తర్వాత ఏం చేయాలో తోచకపోవడం. తాళంచెవి ఎక్కడ పెట్టామో గుర్తులేకపోవడం వేరు, చేతిలో పట్టుకుని ఇదెందుకో తెలియకపోవడం వేరు.

అయినా ఒకసారి రక్తంలో విటమిన్ బి12, థైరాయిడ్ చూపించుకోండి. మీకు కూడా షుగర్ ఉండి మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ళుగా వాడుతుంటే బి12 తగ్గే అవకాశం ఉంది. మాంసం, గుడ్లు తినని వాళ్ళకు ఆ లోటు ఇంకా ఎక్కువ. నిద్రమాత్రలు, కొన్ని జలుబు, అలర్జీ మాత్రలు కూడా మతిని మసకబరుస్తాయి. అన్ని మాత్రలూ ఒక సంచిలో వేసుకుని డాక్టరుకు చూపించండి, మీ అంతట మీరు ఆపొద్దు. చెవి పరీక్ష కూడా చేయించుకోండి. సరిగా చెవిన పడని మాట మనసులో నిలవదు కదమ్మా. ఇంకొకటి, సార్ పోయిన దిగులు కూడా మతిమరుపు లాగే కనబడుతుంది. వార్డులో చాలామందిని చూశాను. మాట్లాడాలనిపిస్తే 14567 పెద్దవాళ్ళ కోసం పెట్టిన ఉచిత నంబరు.

కండక్టర్ తాత (బంగారుపాళ్యం):

అమ్మా, నేను ఆర్టీసీలో చేశాను. పలమనేరు రూటులో ప్రతి స్టేజీ, ప్రతి స్టేజీ చార్జీ నోటికి ఉండేది. ఇప్పుడు 76. మా తోటలో నిన్న కాయలు కోసిన కూలీల పేర్లు సాయంత్రానికి నిలవవు. అందుకని రాస్తాను.

అన్నమయ్య సంకీర్తనలు మనదాకా ఎలా వచ్చాయి? ఆయన ఇంటివాళ్ళు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో అరలో పెట్టారు. వందల ఏళ్ళు అందరూ మర్చిపోయినా రేకులు మర్చిపోలేదు. 1922లో బయటపడ్డాయి. మనకు రాగి ఎందుకు, పాల లెక్క రాసే నోట్‌బుక్ చాలు. దాని వెనక పేజీల్లో రాసుకుంటా. "మంగళవారం, మోటారు చెడితే ఎలక్ట్రీషియన్ పిల్లోడు రాత్రి తొమ్మిదికి వచ్చినాడు, కాఫీ మాత్రమే తాగినాడు." ఇట్లా ఒక్క వాక్యం. ఏం చేశాడు, ఎట్లా ఉంటాడు, ఏం తాగాడు. పేరు ఒక్కటే రాస్తే నెల తర్వాత అది ఎవరో నాకే తెలీదు. ఫోన్‌లో కూడా "మోటారు రాత్రి ఎలక్ట్రీషియన్" అనే సేవ్ చేసుకున్నాను. మామిళ్ళ కాలంలో ఆ పేజీలు తిప్పి ఒక్కొక్కరి ఇంటికి ఒక బుట్ట తోతాపురి పంపిస్తా. పోయినేడు పదిహేడు బుట్టలు.

మీరు టీచరు. మీ చేతిరాత నాకంటే బాగుంటుంది. ఈ రోజే మొదలుపెట్టండి.

పుత్తూరు కోడలు:

మా అత్తమ్మకు డాక్టర్లు డిమెన్షియా అని చెప్పి నాలుగేళ్ళయింది. నా పేరు తెలీదు, నేను కోడలినని తెలీదు. రోజూ పొద్దున తల దువ్వి జడ వేస్తాను. వేశాక నా గడ్డం పట్టుకుని "ఎవరి బిడ్డవో తల్లీ, చల్లంగుండు" అంటుంది. ప్లేటులో దోసె సగం తుంచి నాకు పెడుతుంది. నేను ఎవరో తెలియకుండానే పెడుతుంది. మొదట్లో ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఆ సగం దోసె తినందే నాకు పని మొదలవదు.

టీచరమ్మ గారూ, మీరు భయపడుతున్నది జరిగినా మీరు అనుకున్నట్టు అన్నీ పోవు. నేను రోజూ చూస్తున్నాను.

లీలామహల్ ఆటో వాళ్ళ అబ్బాయి (తిరుపతి):

మేడం, మా నాన్న ఆటో తోలుతాడు. ఆ వాన రోజు ఆయన కూడా చాలామందిని దాటించాడు. చిన్నవాడిని, తప్పుగా అనుకోకండి. మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఎక్కడా అతని పేరు లేదు. మీరు మర్చిపోయారేమో అనుకున్నాను, కానీ ఆ రాత్రి మీరు పేరు అడగలేదేమో కదా? మా నాన్నను కూడా ఎవరూ అడగలేదు. అతన్ని వెతకండి. డబ్బు కవరు మాత్రం ఇవ్వొద్దు మేడం, ఆ రోజు వద్దన్నదానికి ఇప్పుడు ధర కట్టినట్టు అవుతుంది. పేరు అడగండి.

ఎమ్మార్‌పల్లి టీచరమ్మ:

బాబూ, నువ్వు చెప్పింది నిజం. అడగలేదు. రెండు రోజులు ఆ మాటే మనసులో పట్టుకుంది. జ్ఞాపకం మీద నెట్టేశాను గానీ, ఆ రాత్రి నాకు తెలుసుకోవాలన్న ధ్యాసే లేదు. మావారి కాలు తడిసిందా, ఇన్సులిన్ ఏమైంది, అంతే చూశాను. నీకు కోటి దండాలు. మీ నాన్నగారికి కూడా.

బుధవారం వెళ్ళాను, కనబడలేదు. మళ్ళీ ఆదివారం అదే వేళకు వెళ్ళి ఆటోలు ఆగే చోట గంటన్నర నిలబడ్డాను. వచ్చాడు. నేనే వెళ్ళి చెయ్యి పట్టుకుని, "బాబూ, నవంబరు వానలో మావారిని మోసింది నువ్వే కదా" అన్నాను. "గుర్తుందా మేడం!" అన్నాడు, ముఖం అంతా నవ్వు. పేరు అడిగాను. ఇద్దరు పిల్లల పేర్లు కూడా. పెద్దది పదో తరగతి, తెలుగు వ్యాకరణం రావడం లేదట. శని, ఆదివారాలు ఇంటికి పంపమన్నాను.

ఒక సంగతి అతను చెప్పేదాకా నాకు తెలియదు. ఆ రాత్రి మా మరిది ఇంటి దగ్గర నేను లోపలికి వెళ్ళి మావారి పొడి చొక్కా ఒకటి తెచ్చి, మార్చుకోందే కదలనివ్వనని నిలబెట్టానట. నీలం గళ్ళ చొక్కా. "ఇంకా ఉంది మేడం, పండగలకు ఏసుకుంటా" అన్నాడు. నాకు ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు. చొక్కా మాత్రం గుర్తుంది, బీరువాలో చాలా రోజులు వెతికాను.

తర్వాత "సార్ బాగుండారా?" అని అడిగాడు. చెప్పాను. ఆటో ఇంజను ఆపి కిందికి దిగి కాసేపు నా పక్కన నిలబడ్డాడు.

కండక్టర్ గారూ, నోట్‌బుక్ కొన్నాను. మొదటి పేజీ నిండింది. నర్సమ్మ గారూ, రక్తం ఇచ్చాను, రిపోర్టు రేపు. చెవి డాక్టరు దగ్గరికి శుక్రవారం వెళ్తున్నాను.