‘ప్రెసిషన్ కాస్టింగ్’ అన్న పేరుకు ఈ పోత తగినదేనా?

డ్రాయింగ్‌బల్ల:
సూటిగా అడుగుతాను. మైనంతో నమూనా చేసి, దాని చుట్టూ సిరామిక్ గుల్ల కట్టి, మైనాన్ని కరిగించి దించేసి, ఆ ఖాళీలో లోహం పోసే ఇన్వెస్ట్‌మెంట్ కాస్టింగ్‌కు ప్రెసిషన్ కాస్టింగ్ అని ఇంకో పేరు. ఆ పేరు నమ్మి, ఇన్నాళ్లూ దిమ్మ నుంచి చెక్కిస్తున్న ఒక స్టెయిన్‌లెస్ స్టీల్ లీవర్‌ను పోతకు మార్చాను. రెండు చివరలా 20 మి.మీ. బోర్లు (గుండ్రని రంధ్రాలు), వాటి మధ్య 100 మి.మీ. దూరం, నడుమ వంపు తిరిగిన పక్కటెముకలు. మొదటి విడత 40 ముక్కలు వచ్చాయి. చూడటానికి ముచ్చటగానే ఉన్నాయి. రంధ్రం కొలత సరిచూసే ప్లగ్ గేజ్ పెట్టబోతే కొన్నింటిలో దూరలేదు, కొన్నింటిలో లొడలొడలాడింది. చివరి ముఖం నుంచి బోరు కేంద్రానికి ఉండాల్సిన దూరమైతే ముక్కముక్కకూ 0.4 మి.మీ. దాకా మారుతోంది. ఫౌండ్రీ వాళ్లను అడిగితే ‘పోత అంటే ఇంతే’ అన్నారు. ఇంతే అయినప్పుడు ఆ పేరెందుకు?

లేతుమనిషి:
పేరు అమ్మేవాళ్లు పెట్టుకున్నది. లెక్క చూడండి. 20 మి.మీ. బోరుకు హెచ్7 (రంధ్రం కొలతలో ఎంత తేడా ఒప్పుకోవచ్చో చెప్పే గుర్తు) అని రాస్తే మొత్తం సందు 21 మైక్రాన్లు. ఈ పోతలో 25 మి.మీ. కొలతకు మామూలుగా ఇచ్చే మాట ±0.13, అంటే మొత్తం 260 మైక్రాన్లు. పన్నెండు రెట్లు! ఇసుక పోత పక్కన పెడితే ఇది నాజూకైనదే, కాదనను. రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు తెచ్చే రీమర్ పక్కన పెడితే మాత్రం మొరటుదే. పైగా పోత ముక్కను బోరు చేస్తుంటే లోపలి నుంచి సూదిమొనంత రంధ్రాలు బయటపడటం నేను చాలాసార్లు చూశాను. రోలింగ్ చేసిన కడ్డీలో ఆ బెడద ఎంత తక్కువో చెప్పనక్కరలేదు.

మైనపుచెట్టు:
నేను గుల్లలు కట్టే పనిలో ఏళ్లు గడిపినవాడిని, కాబట్టి నా మాటలో కొంత పక్షపాతం ఉంటుంది. ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. కొలత తప్పడానికి మా దగ్గర దారులు బోలెడు. అచ్చులోంచి తీసిన మైనపు ముక్క ఇంకా గోరువెచ్చగా ఉండగా వంపు దగ్గర పట్టుకుంటే వంగుతుంది, వంగినట్టు కంటికి తెలియదు. అలమరలో గోడకు ఆనించి పెట్టినా మర్నాటికి వంగే ఉంటుంది. తొలి పూత కోసం స్లర్రీలో (సిరామిక్ పొడి కలిపిన చిక్కటి ద్రవంలో) ముంచినప్పుడు లోపలి మూలలో ఒక్క గాలిబుడగ చిక్కుకుంటే చాలు, పోత పోశాక అక్కడ ఆవగింజంత లోహపు పూస తేలుతుంది. ఇక మైనం దించడం. ఆటోక్లేవ్‌లో ఆవిరి ఒత్తిడి కొన్ని సెకన్లలోనే ఎక్కాలి. అప్పుడు గుల్లను అంటుకున్న పై పొర ముందు కరిగి జారిపోయి, లోపలి మైనం ఉబ్బడానికి చోటిస్తుంది. ఒత్తిడి నిదానంగా ఎక్కితే మైనమంతా ఒక్కసారిగా ఉబ్బి, ఇంకా కాల్చని పచ్చి గుల్లను పగలగొడుతుంది. ఆ పగులు అప్పుడు కనబడకపోవచ్చు. పోత పూర్తయ్యాక ముక్క ఒంటి మీద వెంట్రుక మందాన రెక్కలా లేచి నిలబడినప్పుడు తెలుస్తుంది.

వీటన్నిటికంటే పెద్దది కుంచించుకుపోవడం. మైనం ఒకసారి కుంచించుకుంటుంది, లోహం ఇంకోసారి. ఉక్కు వరకే చూసినా సుమారు 2 శాతం, అంటే 100 మి.మీ.కు 2 మి.మీ. ఆ అంచనాలో పదో వంతు తప్పినా 0.2 మి.మీ. పోయినట్టే. అది అన్ని దిక్కులా ఒకేలా కూడా ఉండదు. రెండు కాళ్ల నడుమ గుల్ల గోడ అడ్డం నిలిస్తే అక్కడ తక్కువ, అడ్డులేని చోట ఎక్కువ.

అయితే లేతుమనిషి గారి లెక్కలో ఒకటి తప్పిపోయింది. నలభై ముక్కలూ ఒకే పక్కకు, ఇంచుమించు ఒకే మోతాదులో తప్పితే అది అచ్చు దిద్దితే పోయే తప్పు. మొదటి విడత ఉన్నదే అందుకు. ముక్కకో రకంగా తప్పితేనే ప్రక్రియను నిలదీయాలి. డ్రాయింగ్‌బల్ల గారూ, ఒక బోరు కేంద్రం నుంచి ఇంకో బోరు కేంద్రానికి దూరం కొలిచారా? ఇంకో అనుమానం కూడా ఉంది. మీరు చెప్పిన ఆ చివరి ముఖం మీద గేటు (లోహం ముక్కలోకి పారే దారి) లేదు కదా?

కొత్తఇంజినీర్:
మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నమూనాను త్రీడీ ప్రింటర్‌లో ముద్రిస్తే అచ్చు గొడవే ఉండదు కదా?

మైనపుచెట్టు:
నాలుగైదు ముక్కలు పరీక్షకు కావాలంటే మంచి దారే. కానీ ముద్రణకు వాడే రెసిన్ మైనంలా కరిగి కారదు, కాలిపోవాలి. కాలే ముందు ఉబ్బి గుల్లను పగలగొట్టకుండా దాన్ని లోపల తేనెపట్టులా బోలుగా ముద్రిస్తారు. కాలాక బూడిద మిగిలితే అదీ ముక్కలో మచ్చే. వందల్లో కావాలంటే అచ్చే మేలు.

బ్లేడుమొదలు:
పేరు సంగతికి వస్తే చరిత్ర రెండు పక్కలా సాక్ష్యం చెబుతుంది. 1907లో విలియం ట్యాగర్ట్ అనే అమెరికా దంతవైద్యుడు పంటి గుంటలో ఇమిడేలా బంగారాన్ని ఈ పద్ధతిలో పోసి చూపించాడు. పంటికి సరిపోయిందంటే నాజూకే కదా! కానీ ముక్క చిన్నది, శాతాల్లో వచ్చే తప్పూ చిన్నదే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విమానాల టర్బోసూపర్‌చార్జర్ బ్లేడ్లకు ఇదే పద్ధతి వాడటానికి ముఖ్య కారణం వేరు. వేడికి నిలిచే ఆ కోబాల్ట్ మిశ్రలోహాన్ని చెక్కడం మహా కష్టం.

ఇప్పటి జెట్ ఇంజిన్ బ్లేడు చూడండి. లోపల గాలి పారే మెలికల దారులను సిరామిక్ కోర్‌తో పోతలోనే తెస్తారు, తర్వాత ఆ కోర్‌ను క్షారంలో కరిగిస్తారు. ఏ కట్టర్ దూరి చెక్కగలదు అక్కడ? అదే బ్లేడు డిస్కులో దిగే మెట్లమెట్ల మొదలును మాత్రం పోతగా వదిలేయరు, గ్రైండింగ్ చేస్తారు.

లేతుమనిషి:
నేనన్నదీ అదే కదా. కొలత కావాల్సిన చోటికి చివరికి యంత్రమే రావాలి.

డ్రాయింగ్‌బల్ల:
మైనపుచెట్టు గారూ, రెండు రోజులు కూర్చుని 40 ముక్కలూ మళ్లీ కొలిచాను. బోరు నుంచి బోరుకు దూరం అన్నింట్లోనూ తక్కువే, 0.10 నుంచి 0.22 మి.మీ. వరకు. ఒక్కటి కూడా ఎక్కువ పక్కకు పోలేదు. గేటు సంగతిలో మీ అనుమానం నిజమే. చెట్టు (ఎన్నో ముక్కలు ఒకే కాండానికి అతికి ఉండే పోత) నుంచి ముక్కను కోశాక మిగిలిన మోడును బెల్టు గ్రైండర్ మీద చేత్తో అరగదీశారు. ముఖం మీద గీతలు స్పష్టంగా కనబడుతున్నాయి, కొన్నింటిలో ఒక పక్కకు వాలి ఉంది. ఆ ముఖాన్నే నేను డ్రాయింగ్‌లో డేటమ్ ‘ఎ’ (మిగతా కొలతలు మొదలయ్యే ముఖం) అని రాశాను. దిమ్మ నుంచి చెక్కించే రోజుల్లో అదే సులువైన ముఖం, ఆ గీతే ఇందులోకి వచ్చేసింది. గేటును అక్కడి నుంచి నడిమి పక్కటెముకకు మార్చమంటే సరిపోతుందా?

మైనపుచెట్టు:
మార్చవద్దు. బోరు చుట్టూ ఉన్న దిమ్మే మీ ముక్కలో అన్నిటికంటే మందం, అన్నిటికంటే చివర గడ్డకట్టేదీ అదే. గడ్డకడుతూ కుంచించుకునేటప్పుడు దానికి లోహం అందాల్సింది గేటు నుంచే. గేటును పల్చని పక్కటెముకకు మారిస్తే అది ముందే గడ్డకట్టి దారి మూస్తుంది. లేతుమనిషి గారు చూసిన సూదిమొన రంధ్రాలు చాలావరకు అలా పుట్టినవే. రెండో దిమ్మకు కూడా సొంత గేటు ఉందో లేదో అడగండి. గేటును అక్కడే ఉంచి డేటమ్‌ను తీసేయండి.

లేతుమనిషి:
తీసి ఎక్కడ పెట్టాలి? నా ఫిక్స్‌చర్‌లో ముక్క ఎక్కడో ఒకచోట ఆనాలి కదా.

మైనపుచెట్టు:
చేయి తగలని పోత తలం మీద ఆరు చోట్ల. అడుగున మూడు, పక్కన రెండు, చివర ఒకటి. ఆ చోట్లలో చిన్న బొడిపెలు అచ్చులోనే ఉండాలి. అచ్చు రెండు సగాలు కలిసే గీత మీద ఒక్కటీ పడకూడదు. బోరును 18.5 మి.మీ.కే పోయించండి, మిగతాది మీరు బోరు చేసి రీమర్ వేయండి.

లేతుమనిషి:
అంటే ప్రెసిషన్ నా రీమర్‌ది, పేరు మీ పోతది.

మైనపుచెట్టు:
ఆ వంపునూ పక్కటెముకలనూ దిమ్మ నుంచి చెక్కడానికి ముక్కకు ఎంతసేపు పడుతుందో చెప్పండి, పేరు మీకే ఇచ్చేస్తాను.

డ్రాయింగ్‌బల్ల:
ఆ లెక్క నా దగ్గరుంది. చెక్కిస్తే 70 నిమిషాలు. పోత ముక్కకు రెండు బోర్లు పూర్తి చేయడానికి 9. బొడిపెలు గీసి డ్రాయింగ్ ఈ రాత్రి పంపుతున్నాను. అచ్చు దిద్దేటప్పుడు బోర్ల దూరానికి 0.16 కలపమని రాశాను. ఎక్కువైతే ఇప్పుడే చెప్పండి.

మైనపుచెట్టు:
సరిపోతుంది. బొడిపెల ఎత్తు మాత్రం రాయడం మరవకండి. రాయకపోతే మా గ్రైండర్ అబ్బాయి వాటిని కూడా గేటు మోడులనుకుని అరగదీసేస్తాడు.